విశాఖకు ఏ నీరు ముందు: గోదావరా, గెడ్డా, వానా, సముద్రమా?

విశాఖపట్నంలో నీటి సంగతి ఎప్పుడు తలెత్తినా చర్చ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇంకా ఎక్కడి నుంచి తెద్దాం? వందేళ్లకు పైబడిన ముడసర్లోవ జలాశయం ఒకనాటి ఊరికి సరిపోయింది. అది చాలక గోస్తని నదిపై తాటిపూడి, శారదానదిపై రైవాడ, నగరం అంచున మేఘాద్రిగెడ్డ జలాశయాలు వచ్చి చేరాయి. ఉక్కు కర్మాగారం కోసం తవ్విన ఏలేరు ఎడమ కాలువ సుమారు 150 కిలోమీటర్ల దూరం నుంచి నీటిని మోసుకొస్తోంది. ఏలేరులో నీరు తగ్గితే దానికి గోదావరిని తోడు చేస్తున్నారు. ఇవాళ పటం ముందు పెట్టుకుని చూస్తే తాటిపూడి విజయనగరం జిల్లాలో, రైవాడ అనకాపల్లి జిల్లాలో, ఏలేరు జలాశయం కాకినాడ జిల్లాలో ఉన్నాయి. నగరం తాగే నీటిలో పెద్ద వాటా పొరుగు జిల్లాలదే.

ఇప్పుడు మళ్లీ ఎంచుకోవలసిన ఘట్టం వచ్చింది. కొత్త పరిశ్రమలు, డేటా సెంటర్లు, భీమిలి వైపు కొత్త లేఅవుట్లు అన్నీ నీళ్లు అడిగేవే. వాటికి జవాబుగా ఐదు దారులు వినిపిస్తాయి: పోలవరం ఎడమ కాలువతో గోదావరి నీరు, సముద్రపు నీటి శుద్ధి, వాడిన నీటి పునర్వినియోగం, వాననీటి సంరక్షణ, గెడ్డలనూ (కొండల నుంచి దిగే వాగులను ఇక్కడ అలా అంటారు) జలాశయాలనూ కాపాడుకోవడం. ఐదూ అవసరమేనని ప్రతి ప్రణాళికా రాసుకుంటుంది. అలా రాయడానికి ఖర్చు లేదు. డబ్బూ స్థలమూ ఐదింటికీ ఒకేసారి దొరకవు కనుక ఏది ముందు, ఏది వెనుక అన్నదే అసలు ప్రశ్న. వార్డు సమావేశాల్లో నోరు విప్పేవాళ్లకు, కాలనీ సంఘాల వారికి, అపార్టుమెంటు కమిటీల్లో లెక్కలు చూసేవారికి ఉపయోగపడాలని ఈ పోలిక రాస్తున్నాను.

నేను వాడే కొలబద్ద ఒకటే. తెచ్చే నీటి లెక్క పక్కన పోయే నీటి లెక్క కూడా పెట్టాలి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. ఇంటికి వచ్చిన నీటిలో దాదాపు 80 శాతం మురుగై బయటికి పోతుందని ఇంజినీర్లు లెక్క కడతారు. అంటే కొత్తగా లక్ష మందికి రోజుకు 1.35 కోట్ల లీటర్లు తెచ్చిన వాళ్లు అదే రోజు 1.08 కోట్ల లీటర్ల మురుగుకు దారి చూపించాలి. విశాఖలో ఆ దారి చాలా చిన్నది. ఒకవైపు కొండలు, మరోవైపు సముద్రం, మధ్యలో గెడ్డలు. తూర్పు వాలు మీద పడిన మురుగు ఆర్కే బీచ్ వైపు పరుగు తీస్తుంది. పడమటి వాలు మురుగు లోపలి హార్బరులో చేరుతుంది. 1933లో పోర్టు తెరిచే ముందు అక్కడ ఉప్పుటేరు చిత్తడి నేల ఉండేది. హార్బరు ముఖద్వారం ఇరుకు, మన తీరంలో ఆటుపోట్ల తేడా రెండు మీటర్లకు లోపే. కాబట్టి ఒకసారి అక్కడ చేరిన మురికి తొందరగా కదలదు.

కొత్త నీటిని తెచ్చే ప్రతి పథకమూ ఈ మురుగును పెంచుతుంది. వాడిన నీటిని తిప్పి వాడే పథకం తగ్గిస్తుంది. గెడ్డల రక్షణ దాన్ని ఉన్న చోటే అడ్డుకుంటుంది. ఈ తేడాను మనసులో ఉంచుకుని ఒక్కొక్కటీ చూద్దాం.

గోదావరి నీరు

ముందు దాని బలం చెప్పాలి, ఎందుకంటే బలం గట్టిదే. పోలవరం ఎడమ కాలువ ద్వారా విశాఖ తాగునీటికీ పరిశ్రమలకూ 23.44 టీఎంసీలు కేటాయించారు. రోజుకు చొప్పున పంచితే అది సుమారు 180 కోట్ల లీటర్లు. మరే దారిలోనూ ఇంత నీరు ఒక్క చోట కనిపించదు. శక్తి ఖర్చు కూడా మరీ ఎక్కువ కాదు: వెయ్యి లీటర్లను వంద మీటర్ల ఎత్తుకు తోడడానికి, పంపుల నష్టాలు కలుపుకున్నా, అర యూనిట్ లోపు కరెంటు చాలు. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడానికి అయ్యే కరెంటుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

చిక్కు కాలం దగ్గర వస్తుంది. గోదావరి జులై నుంచి అక్టోబరు దాకా పొంగుతుంది. మనకు నీళ్లు కావలసింది ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడు గోదావరి డెల్టాలో దాళ్వా (రబీ) పంటకే సీలేరు జలాశయాల నుంచి విడిచే నీరు ఆసరా అవుతుంది. ఎండాకాలంలో గోదావరి మీద ఆధారపడటం అంటే డెల్టా రైతుతో పోటీకి దిగడమే. ఈ పోటీ ఎలా ఉంటుందో రైవాడ విషయంలో చూస్తూనే ఉన్నాం, ఆ నీరు సాగుకే ఇవ్వాలని ఆయకట్టు రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. అందుకే కాలువ ఒక్కటే చాలదు, వరద రోజుల్లో వచ్చిన నీటిని దాచుకునే చోటు నగరానికి దగ్గరలో ఉండాలి. ఆ చోట్లు కొత్తగా ఎక్కడ దొరుకుతాయి? మేఘాద్రిగెడ్డ లాంటి జలాశయాలే ఆ చోట్లు. వాటిలో పూడికా మురుగూ నింపుకుంటే గోదావరి నీరు వచ్చినా పోసుకోవడానికి పాత్ర ఉండదు.

తెరచిన కాలువ కావాలా, గొట్టం కావాలా అన్న ప్రశ్న కూడా వస్తుంది. కాలువలో ఆవిరి, ఊట, దారిలో తోడుకోవడం అన్నీ ఉంటాయి. గొట్టంలో ఈ నష్టం తక్కువ, ఖర్చు ఎక్కువ. తాగునీటి వరకు గొట్టమే మేలని నా అభిప్రాయం, పొలాల పక్కన తెరచిన కాలువలో పారే నీటిలో ఎరువులూ పురుగుమందులూ కలవకుండా ఆపడం ఎవరి వల్లా కాదు.

కొలబద్ద ప్రకారం చూస్తే గోదావరి నీరు మురుగును అతి ఎక్కువగా పెంచే దారి. వచ్చే నీటికి తగ్గ శుద్ధి సామర్థ్యం ముందే సిద్ధం కాకపోతే గెడ్డల మీదే భారం పడుతుంది.

సముద్రపు నీరు

ఇంత సముద్రం ఎదురుగా పెట్టుకుని నీళ్లకు ఏడవడం ఏమిటని చాలామంది అడుగుతారు. చెన్నై ఆ పని చేసింది. మీంజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో రోజుకు 10 కోట్ల లీటర్ల చొప్పున మంచినీరు తయారుచేసే ప్లాంట్లు పెట్టింది. అక్కడ వేరే దారి అంతగా లేదు. 2019 ఎండాకాలంలో ఆ నగరం జలాశయాలు దాదాపు ఎండిపోయాయి.

ఒత్తిడితో నీటిని సన్నటి పొర గుండా తోసి ఉప్పును ఆపే రివర్స్ ఆస్మాసిస్ పద్ధతిలో వెయ్యి లీటర్ల మంచినీటికి 3 నుంచి 4 యూనిట్ల కరెంటు కావాలి. అంటే 10 కోట్ల లీటర్ల ప్లాంటు రోజుకు మూడు, నాలుగు లక్షల యూనిట్లు తాగుతుంది. లోపలికి తీసుకున్న నీటిలో సుమారు 40 శాతమే మంచినీరవుతుంది. మిగిలిన 60 శాతం ఉప్పు చిక్కబడి తిరిగి సముద్రంలోకి పోతుంది. బయటి లోతు నీటిలో బాగా విరజిమ్మేలా వదిలితే నష్టం తక్కువ, ఒడ్డు దగ్గర వదిలితే వేటకు పోయే మత్స్యకారుల కడుపు మీద పడుతుంది. గంగవరం, అప్పికొండ, పెదజాలారిపేట లాంటి ఊళ్ల వారిని అడగకుండా తీసుకోవలసిన నిర్ణయం కాదిది.

సముద్రాన్ని వాడుకోవడానికి మరో దారి ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. పరవాడ దగ్గర సింహాద్రి విద్యుత్ కేంద్రం చల్లార్చే పనికి సముద్రపు నీటినే నేరుగా వాడుతుంది. ఉప్పు తీయకుండానే సరిపోయే పనికి ఉప్పునీటినే పెట్టడం అన్నిటికన్నా చవక. తీరంలో కొత్తగా వచ్చే పెద్ద పరిశ్రమలకు ఈ షరతు మొదటే పెట్టవచ్చు. ఉప్పు తీసే నిర్లవణీకరణ ప్లాంటును మాత్రం పరిశ్రమలు తమ ఖర్చుతో తమ అవసరానికి పెట్టుకునే బీమాగానే చూస్తాను. కుళాయి నీటికి అది చివరి దారి.

వాడిన నీరు

ఐదింటిలో విశాఖకు అందరికన్నా ఎక్కువ అనుకూలత ఉన్నది ఇక్కడే. శుద్ధి చేసిన మురుగునీటిని ఎవరు కొంటారన్నది చాలా నగరాలకు పెద్ద తలనొప్పి. బెంగళూరు తన నీటిని 2018 నుంచి కోలారు చెరువులకు అంత దూరం పంపవలసి వచ్చింది. మనకు కొనేవాళ్లు గుమ్మంలోనే ఉన్నారు: మల్కాపురం దగ్గర 1957 నుంచి నడుస్తున్న రిఫైనరీ, గాజువాక పక్కన ఉక్కు కర్మాగారం, వాటి చుట్టూ ఎరువుల, రసాయనాల పరిశ్రమలు. కూలింగ్ టవర్‌కు తాగునీరు అక్కర్లేదు. నరవ లాంటి పెద్ద శుద్ధి కేంద్రాలు కూడా ఆ పడమటి వైపే ఉన్నాయి.

చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. సూరత్ 2014 నుంచి పాండేసరా పారిశ్రామికవాడకు రోజుకు 4 కోట్ల లీటర్ల శుద్ధి నీటిని అమ్ముతోంది. చెన్నై 2019లో కొడుంగైయూరు, కోయంబేడుల్లో చెరో 4.5 కోట్ల లీటర్ల ప్లాంట్లు పెట్టి పరిశ్రమలకు పంపుతోంది. మురుగును మామూలుగా శుద్ధి చేశాక సన్నటి పొరల గుండా, ఆపైన రివర్స్ ఆస్మాసిస్ గుండా పంపుతారు. మురుగులో ఉప్పు సముద్రపు నీటిలో కన్నా ఎన్నో రెట్లు తక్కువ కాబట్టి కరెంటు కూడా ఆ మేరకు తక్కువే పడుతుంది. పరిశ్రమకు ఇలా ఇచ్చిన ప్రతి లీటరూ ఏలేరు నీటిలో ఒక లీటరును ఇళ్లకు విడుదల చేస్తుంది, గెడ్డలోకి పోయే మురుగును ఒక లీటరు తగ్గిస్తుంది. రెండు వైపులా పనిచేసే దారి ఇదొక్కటే.

అయితే ఒక గీత గట్టిగా గీయాలి. ఇళ్ల మురుగు వేరు, ఔషధ పరిశ్రమల వ్యర్థజలం వేరు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితా వేసినప్పుడు విశాఖకు 70కి పైగా మార్కులు వచ్చాయి, ఈ పరీక్షలో ఎక్కువ మార్కులు రావడం గొప్ప కాదు. ద్రావకాలు, లవణాలు కలిసిన నీరు ఇళ్ల మురుగులో పడితే శుద్ధి కేంద్రంలో పనిచేసే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. పరవాడ వైపు ఔషధ పరిశ్రమల వ్యర్థజలానికి వాటి ఖర్చుతో వేరే ఏర్పాటే ఉండాలి. రెండింటినీ కలిపేస్తే ఖర్చు కలిసొస్తుందని ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు.

పెద్ద కేంద్రమా, చిన్న చిన్న కేంద్రాలా? కిక్కిరిసిన పాత నగరంలో, వన్‌టౌన్, జగదాంబ చుట్టుపక్కల పెద్ద కేంద్రం తప్ప వేరే మార్గం లేదు, చిన్నవి పెట్టడానికి ఖాళీ ఎక్కడుంది? మధురవాడ, భీమిలి వైపు మాత్రం చిన్న కేంద్రాలే నయం, మురుగును పది కిలోమీటర్లు తోడి, శుద్ధి చేసి, మళ్లీ పది కిలోమీటర్లు వెనక్కి తోడే పని తప్పుతుంది. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి, కాబట్టి పెద్ద అపార్టుమెంట్లలో శుద్ధి ప్లాంట్లు ఎలాగూ ఉంటాయి. ఉంటాయి కానీ అన్నీ నడవవు. కరెంటు బిల్లు చూసి, సూక్ష్మజీవులకు గాలి ఊదే బ్లోయర్ కట్టేసే కమిటీలు కొత్తవేమీ కావు. మీ ప్లాంటు నడుస్తోందో లేదో తెలుసుకోవాలంటే నీటిలో బీఓడీ పరీక్ష చేయించండి, నీటిలోని మలినాన్ని కుళ్లబెట్టడానికి ఎంత ఆక్సిజన్ కావాలో అది చెబుతుంది. మురుగులో లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉండేది శుద్ధి తర్వాత 10 దగ్గరికి దిగాలి. 60, 70 అని వస్తే ఎక్కడో గాలి ఆగింది.

రెల్లు, తుంగ పెంచి వాటి వేళ్ల మధ్య నుంచి మురుగును పారించే పద్ధతి చాలామందికి నచ్చుతుంది, నాకూ నచ్చుతుంది. కరెంటు దాదాపు అక్కర్లేదు. కానీ మనిషికి ఒకటి, రెండు చదరపు మీటర్ల నేల కావాలి, లక్ష మందికి 10 నుంచి 20 హెక్టార్లు. ద్వారకానగర్‌లో అది కుదిరే పని కాదు. ఆనందపురం, పద్మనాభం వైపు లేఅవుట్లు వేసేటప్పుడు పల్లపు మూలను దీనికి వదిలితే బాగా కుదురుతుంది. తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు ఒక మహానగరం మురుగును చేపలుగా, కూరగాయలుగా మారుస్తున్నాయి, కానీ వాటి విస్తీర్ణం 12,500 హెక్టార్లు. అది చూసి అచ్యుతాపురం పక్కన ఉన్న కొండకర్ల ఆవలోకి మురుగు మళ్లించవచ్చని ఎవరైనా ఆలోచిస్తే అక్కడే ఆపండి. అది మంచినీటి సరస్సు, పక్షుల తావు. దాన్ని శుద్ధి కేంద్రం చేసే హక్కు ఎవరికీ లేదు.

గెడ్డలు, జలాశయాలు

ఇది అందరూ చివర చెప్పే దారి. నా వరుసలో మొదటిది.

కొండల వల్లే విశాఖకు సొంత నీరంటూ కొంత ఉంది. ఈ కొండల్లోని ఖోండలైట్ అనే రాయి పైపొర బాగా శిథిలమై వాన నీటిని పీల్చుకుంటుంది, కింద గట్టి రాయి తగిలిన చోట దాన్ని ఊటగా బయటికి వదులుతుంది. సింహాచలం కొండ మీద గంగధార, కొండకు ఇటువైపు మాధవధార అలా పుట్టినవే. 71 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం తన వాన నీటిలో కొంత ముడసర్లోవ వైపు పంపుతుంది. అడవి ఉన్నంత కాలం ఈ ఏర్పాటుకు జీతం, కరెంటు, మరమ్మతు అక్కర్లేదు. న్యూయార్క్ నగరం 1997లో తన నీరు పుట్టే క్యాట్‌స్కిల్ కొండల్లో భూములు కొని, అక్కడి రైతులకు డబ్బులిచ్చి ఆ నేలను కాపాడుకుంది. దానితో వందల కోట్ల డాలర్ల వడపోత కేంద్రం కట్టే పని తప్పింది.

మనం నీటి ఉపరితలాన్ని బాగానే గుర్తించాం: ముడసర్లోవ మీద 2018లో 2 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలు వేశారు, మేఘాద్రిగెడ్డ మీద కూడా వేశారు. ఆవిరి తగ్గుతుంది, కరెంటు వస్తుంది, మంచిదే. నీరు దిగివచ్చే నేల మీద అంత శ్రద్ధ కనిపించదు. మేఘాద్రిగెడ్డకు నీరు పెందుర్తి, కొత్తవలస, సబ్బవరం వైపు నుంచి వస్తుంది. అక్కడ గ్రావెల్ కోసం కొండలు తవ్విన కొద్దీ జలాశయంలో పూడిక పెరుగుతుంది, లేఅవుట్ల మురుగు దిగిన కొద్దీ గుర్రపుడెక్క పెరుగుతుంది. ఆ పక్కనే ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7న రసాయన కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు, ముందుజాగ్రత్తగా ఆ జలాశయం నీటి సరఫరాను ఆపవలసి వచ్చింది. తాగునీటి జలాశయం పక్కన ఏది ఉండవచ్చు, ఏది ఉండకూడదు అన్న ప్రశ్న ఆ ఒక్క రోజుకే పరిమితం కాదు. గంభీరం జలాశయం చుట్టూ ఇప్పుడు కట్టడాలు పెరుగుతున్నాయి, అక్కడ ఆ ప్రశ్నను ముందే అడిగే అవకాశం ఇంకా మిగిలి ఉంది.

గెడ్డల విషయంలో రెండు పద్ధతులు పోటీ పడతాయి. ఒకటి, గెడ్డ సముద్రంలో కలిసే చోట చిన్న అడ్డుకట్ట వేసి, మురుగును పంపులతో శుద్ధి కేంద్రానికి మళ్లించడం. రెండోది, ప్రతి ఇంటినీ భూగర్భ డ్రైనేజీకి కలిపి గెడ్డలోకి మురుగే రాకుండా చేయడం. మొదటిది ఏడాదిలో పూర్తవుతుంది, ఫలితం బీచ్ మీద వెంటనే కనిపిస్తుంది. పర్యాటకుల రద్దీ ఉండే చోట, 2020లో శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ లాంటి తీరం దగ్గర, అది తప్పదు. కానీ కరెంటు పోయినా, గట్టి వాన పడినా మురుగంతా కట్ట దాటి ఇసుక మీదికి వస్తుంది. రెండోది పదేళ్ల పని, రోడ్లు తవ్వే పని, ఎవరికీ పేరు రాని పని. నిధులు పరిమితమైతే మొదటిదాన్ని తీరం వెంట నాలుగైదు చోట్లకు పరిమితం చేసి మిగిలిందంతా రెండోదానికి పెట్టమంటాను.

మూడో పద్ధతి కూడా ఒకటుంది, అది మాత్రం వద్దు: గెడ్డకు అడుగునా పక్కలా కాంక్రీటు పోసి, పైన పలకలు కప్పి, వీలైతే పార్కింగ్ చేయడం. వాసన కనపడదు. నీరు ఇంకదు. ఎగువన వానకు వచ్చిన వరద రెట్టింపు వేగంతో దిగువ వాడల మీద పడుతుంది. కప్పేసిన గెడ్డలో ఎవరు గొట్టం కలిపారో తర్వాత ఎవరూ కనిపెట్టలేరు. గెడ్డ పక్కన పది అడుగుల మట్టి గట్టు, చెట్ల వరుస మిగిలినా చాలు, శుభ్రం చేయడానికి చోటు ఉంటుంది.

వాననీరు

మన నగరంలో ఏటా సగటున వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. నైరుతితో ఆగకుండా అక్టోబరులో వాయుగుండాలు, తుపానులు కూడా పోస్తాయి. లెక్క ఇలా వేయండి. 100 చదరపు మీటర్ల డాబా మీద వెయ్యి మిల్లీమీటర్లు పడితే, 20 శాతం నష్టం పోయినా 80,000 లీటర్లు. నలుగురున్న ఇంటికి రోజుకు 540 లీటర్ల చొప్పున అది 148 రోజుల వాడకం. సొంత ఇంటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

అదే లెక్క 20 ఫ్లాట్ల అపార్టుమెంటుకు తలకిందులవుతుంది. డాబా 500 చదరపు మీటర్లనుకుంటే నాలుగు లక్షల లీటర్లు, రోజుకు 10,800 లీటర్ల వాడకానికి 37 రోజుల్లో అయిపోతాయి. ఆ అపార్టుమెంటులో మనిషికి రోజుకు 45 లీటర్లు ఫ్లష్‌కే పోతాయి. స్నానాల నీటిని శుద్ధి చేసి ఫ్లష్‌కు ఇస్తే రోజుకు 3,600 లీటర్లు, ఏడాదికి 13 లక్షల లీటర్లు మిగులుతాయి. ఇంకుడు గుంతకు ఒక ఫోటో తీసి అనుమతి తెచ్చుకునే కన్నా మంచినీటికి ఒకటి, ఫ్లష్‌కు ఒకటి చొప్పున రెండు వరుసల గొట్టాలు వేసుకోవడం అపార్టుమెంటుకు మూడింతల లాభం. కొత్తగా కట్టేటప్పుడే అడగాలి, కట్టాక గోడలు పగలగొట్టవలసి వస్తుంది.

ఇంకుడు గుంత ఎక్కడ పనిచేస్తుందో నేల చెబుతుంది. వాల్తేరు, లాసన్స్ బే కాలనీ లాంటి తీరప్రాంతాల్లో ఇసుక నేల నీటిని ఇట్టే పీల్చుకుంటుంది. అక్కడ దాని విలువ తాగునీటికి మించినది: భూగర్భంలో మంచినీరు సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా ఉప్పునీటిని వెనక్కి నెట్టి పట్టుకుంటుంది. బోర్లతో ఆ ఒక్క మీటరు తోడేస్తే 40 మీటర్లూ పోతాయి. తీరంలో కొత్త బోరు కన్నా ఇంకుడు గుంతే ముందు ఉండాలనడానికి ఈ ఒక్క లెక్క చాలు. కొండవాలు అడుగున కూడా గుంత బాగా పనిచేస్తుంది. హార్బరు చుట్టుపక్కల పల్లాల్లో, తవ్వగానే ఉప్పునీరు కనిపించే చోట, దానికి పెట్టే డబ్బు వృథా. పారిశ్రామికవాడల్లో అయితే యార్డుల మీద పారిన నీటిని గుంతలోకి పంపడం ప్రమాదం కూడా, నూనెలూ రసాయనాలూ నేరుగా భూగర్భజలంలోకి దిగుతాయి.

వాన నీటిని పీల్చుకునే నగరాలు కట్టాలని చైనా 2015లో పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ బాట పట్టిన జెంగ్‌జౌ నగరం మీద 2021 జులై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడింది. మెట్రో రైళ్లలోకి నీరు వచ్చి మనుషులు చనిపోయారు. ఇంకుడు గుంతలు, పచ్చిక బయళ్లు మామూలు వానలకు బాగా పనిచేస్తాయి. తుపాను రోజున నీటికి తెరిచి ఉన్న గెడ్డే కావాలి.

హుద్‌హుద్ పరీక్ష

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన తర్వాత విశాఖ రోజుల తరబడి కరెంటు లేక, నీళ్లు లేక గడిపింది. ఏ దారిని ఎంచుకున్నా ఆ వారంలో అది ఏం చేస్తుందని అడగాలి. నిర్లవణీకరణ ప్లాంటు ఆగిపోతుంది. దూరపు ఎత్తిపోతలు ఆగిపోతాయి. గెడ్డ ముఖం దగ్గరి మురుగు పంపులు ఆగిపోతాయి. డాబా నుంచి సంపులో దిగిన నీరు చేతికి అందుతుంది. దగ్గరి జలాశయం నీరు ఒక జనరేటరుతో ఇళ్లకు చేరుతుంది. తుపానులు ఎక్కువయ్యే తీరంలో ఈ పరీక్షకు సగం మార్కులైనా ఇవ్వాలి.

మీరున్న చోట

బీచ్ రోడ్డు నుంచి వాల్తేరు దాకా ఉన్నవాళ్లు ఇంకుడు గుంతకూ భూగర్భ డ్రైనేజీ కనెక్షనుకూ మొదటి డబ్బు పెట్టాలి, ఉప్పు తగిలిన బోరును మళ్లీ లోతుకు దించకూడదు. మాధవధార, ఆరిలోవ, మధురవాడల్లో కొండవాలు మీద నిర్మాణాలను ఆపడం, ఊటలకు దారి వదలడం అన్నిటికన్నా విలువైనది. మీ పైనున్న చెట్లే మీ బావి. గాజువాక, మల్కాపురం ప్రాంతాల నుంచి వార్డు సమావేశాలకు వెళ్లేవారు పరిశ్రమలకు శుద్ధి నీరు ఎప్పటి నుంచి, ఎంత, ఏ ధరకు ఇస్తారని అడగాలి, ఇంకుడు గుంతల లక్ష్యాలతో తృప్తిపడకూడదు. పెందుర్తి, సబ్బవరం వైపు ఉన్నవారి సెప్టిక్ ట్యాంకు కూడా నగరం తాగునీటి విషయమే. దాన్ని రెండు, మూడేళ్లకొకసారి ఖాళీ చేయించండి, తీసుకెళ్లిన ట్యాంకరు ఎక్కడ ఒంపిందో రసీదు అడగండి, రాత్రిపూట గెడ్డలో ఒంపే ట్యాంకర్లు లేకపోలేదు.

భీమిలి వైపు స్థలం కొనేవారికి ఇంకో సంగతి. గోస్తని సముద్రంలో కలిసే ఆ తీరంలో ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం. చిన్న వానకే కోసుకుపోయే మెత్తటి నేల అది. దాని చుట్టుపక్కల లేఅవుట్ వేసి చదును చేస్తే నీరు ఇంకే చోటూ పోతుంది, దిబ్బలూ పోతాయి. అమ్మేవారిని నీటి కనెక్షను ఎప్పుడు వస్తుందని అందరూ అడుగుతారు. మురుగు ఎటు పోతుంది, వాన నీరు ఏ గెడ్డలోకి దిగుతుంది, ఆ గెడ్డ సర్వే పటంలో ఎంత వెడల్పు ఉంది, నేల మీద ఎంత ఉంది అని అడిగి, పటం కాగితం చేతిలో పెట్టుకుని జులైలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఆ స్థలానికి వెళ్లి చూసి అప్పుడు బయానా ఇవ్వండి.